మూడో అధ్యాయం చూడమనకు

హనుమకొండ

తమ్ముడూ,

కాకతీయుల గుళ్లు, చెరువుల మీద నువ్వు రాసింది మొత్తం చదివాను. విషయంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ‘మూడో అధ్యాయంలో చెప్పినట్టు’ అనే మాటతోనే. వేయిస్తంభాల గుడి శాసనం కోసం అక్కడికి పొమ్మన్నావు. పోతే పాకాల చెరువు కనిపించింది. అంతకుముందెక్కడో ఓరుగల్లు కోట మీద కొత్త అధ్యాయం చేర్చినట్టున్నావు. నంబర్లన్నీ జరిగాయి, నీ వాక్యాలు మాత్రం జరగలేదు.

నంబరు బదులు శీర్షిక చెప్పు. ‘రుద్రదేవుడి 1163 శాసనం’ అనే భాగం చూడమంటే అక్కడేముందో పేజీ తిప్పకముందే తెలుస్తుంది. అక్కర లేనివాడు తిప్పడు కూడా. అయితే ఆ శీర్షికను చేత్తో టైప్ చేయకు, రేపు నువ్వే మారుస్తావు.

వర్డ్‌లో అయితే శీర్షికలకు హెడింగ్ స్టైల్ పెట్టి, క్రాస్ రెఫరెన్స్‌లో హెడింగ్ టెక్స్ట్ ఎంచుకో, శీర్షికను అదే తెచ్చి పెడుతుంది. శీర్షిక మార్చినప్పుడల్లా కంట్రోల్ ఏ, ఆపైన ఎఫ్9 కొట్టు, పాత పేర్లు మారతాయి. ఫుట్‌నోట్లు ఇందులోకి రావు, వాటిలో కర్సర్ పెట్టి ఆ రెండూ మళ్లీ కొట్టాలి. శాసనాల మీద రాసేవాళ్ల సరుకు సగం ఫుట్‌నోట్లలోనే ఉంటుంది కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నా. కమాండ్లు రాసి పుస్తకం కూర్చే లేటెక్ వాడితే, శీర్షిక పేరు తెచ్చే నేమ్‌రెఫ్ ప్యాకేజీ ఉంది. భాగానికి గుర్తుగా పెట్టే లేబుల్ మాత్రం సెక్షన్ కమాండ్ తర్వాతే పెట్టు, ముందు పెడితే అంతకుముందు భాగం పేరు పట్టుకొస్తుంది. రెండుసార్లు కంపైల్ చెయ్యి. మొదటిసారి పేర్లు పక్క ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి అక్కడి నుంచి తెచ్చి పెడుతుంది. అప్పటికీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే లేబుల్ స్పెల్లింగ్ చూసుకో.

అసలు చిక్కు మన విభక్తులతో. శీర్షిక ‘రామప్ప శిల్పాలు’ అనుకో. మనం రాస్తే ‘శిల్పాల్లో’ అంటాం. మెషిన్ శీర్షికను ఉన్నదున్నట్టే తెస్తుంది, దానికి నువ్వు ‘లో’ తగిలిస్తే ‘శిల్పాలులో’ అని అచ్చవుతుంది. చదవగలమా? అందుకే శీర్షిక పక్కన ‘అనే భాగంలో’ అని పెట్టు, విభక్తి భారం ‘భాగం’ మోస్తుంది. ప్రతిచోటా అదే అంటే విసుగే. అప్పుడప్పుడు ‘అన్న శీర్షిక కింద’ అను.

పేజీ నంబర్ల జోలికి ఇప్పుడే పోకు. ప్రెస్సువాళ్లు పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, ‘అను’ తెలుగు ఫాంట్లే వాడతామంటే నీ లింకులన్నీ పోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. శీర్షికలు అప్పటికీ పనికొస్తాయి, పేజీ నంబర్లు రావు. వాటిని చివరి ప్రూఫు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూడాల్సిందే.

ఈసారి పీడీఎఫ్ కాదు, అసలు ఫైలే పంపు.

అన్న