ఆరు సెయిల్‌బోట్లు కలిసేటప్పుడు మెనూ కన్నా ముందు తేల్చుకోవలసినవి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం రాజధాని అనాపొలిస్ చుట్టుపక్కల సెయిల్‌బోట్లున్న ఆరు తెలుగు కుటుంబాలు ఈ వేసవిలో ఒక శనివారం నీళ్ల మీదే సరదాగా కలవాలనుకుంటున్నాయి. ఎక్కడ కలవాలి, మెనూ ఏంటి, పిల్లలకు ఆటలేంటి?

మెనూ, ఆటలు చివర్లో చెబుతాను. బోట్లన్నీ పక్కపక్కన కట్టుకుని కూర్చోవడాన్ని ఇక్కడ రాఫ్ట్-అప్ అంటారు, మీరు చేయబోయేది అదే. ఏ బోటు లంగరు వేస్తుంది, మిగతావి ఏ వరసలో వచ్చి కట్టుకుంటాయి, ఎన్నింటికి విప్పుకుని విడిపోతాయి? ఈ మూడూ తేలకుండా పులిహోర ఎవరు తెస్తారని మాట్లాడుకోవడం దండగ.

తేదీకి నా ఓటు జూన్ రెండో వారానికో మూడో వారానికో. అనాపొలిస్ ముందున్న చెసపీక్ బే అనే అఖాతంలో జూలై వచ్చిందంటే సీ నెటిల్స్ అనే కుట్టే జెల్లీఫిష్‌లు దిగుతాయి, సెప్టెంబరు దాకా ఓ పట్టాన పోవు. వసంతంలో వానలు బాగా పడి సస్క్వెహానా నది నుంచి మంచినీళ్లు ఎక్కువగా దిగిన ఏడాది నీళ్లలో ఉప్పు తగ్గి ఇవీ తగ్గుతాయి. వానలు మొహం చాటేస్తే త్వరగానే తయారవుతాయి. ఎదురుగా నీళ్లుండి దిగడానికి వీల్లేదంటే మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని పట్టడం ఎవరి తరమూ కాదు. అమెరికా స్వాతంత్ర్య దినం జూలై 4 వారాంతం అసలే వద్దు. మంచి చోట్లన్నీ ముందురోజు సాయంత్రానికే నిండిపోతాయి, పవర్‌బోట్లు పక్కనుంచి దూసుకుపోతూ రోజంతా అలలు లేపుతూనే ఉంటాయి. ఇంకో మాట: తేదీ కోసం వాట్సాప్‌లో పోల్ పెట్టకండి. ఒక తేదీ, వాతావరణం బాగోకపోతే ఇంకో తేదీ, రెండూ ఒక్కరే నిర్ణయించి చెప్పాలి. ఆరు ఇళ్లకూ కుదిరే శనివారం కోసం చూస్తూ కూర్చుంటే ఆగస్టు వచ్చేస్తుంది. ఆగస్టులో ఉక్కపోత తప్ప గాలి ఉండదు.

చోటు రోడ్ రివర్. అనాపొలిస్ నుంచి రెండు మూడు గంటల ప్రయాణం, చుట్టూ ఒడ్డు కాపు కాస్తుంది, అడుగున బురద, లంగరు బాగా దిగుతుంది. దక్షిణంగా వస్తూ, 1875లో కట్టిన థామస్ పాయింట్ లైట్‌హౌస్‌ని కుడిచేతి వైపు ఉంచుకుని, దాన్ని పూర్తిగా దాటాకే పడమరకు తిరగండి. లైట్‌హౌస్‌కీ ఒడ్డుకీ మధ్య నీళ్లు బాగానే కనిపిస్తాయి కానీ లోతు తక్కువ, అడుగున నీళ్లలోకి అయిదారు అడుగులు దిగే కీల్ ఉన్న బోటు అక్కడ అడ్డదారి పట్టకూడదు. నది ముఖద్వారం దగ్గర పీతల బుట్టల తేలుడు బుడగలు ఉంటాయి. ఇంజన్ మీద వస్తుంటే ముందు భాగంలో ఒకరిని చూపుకి నిలబెట్టండి. ఆ బుడగల తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగడమే, వేరే దారి లేదు. వై రివర్ ఇంతకన్నా అందంగా ఉంటుంది, కానీ బే దాటి కెంట్ ఐలాండ్ చుట్టి వెళ్లాలి. ఒక్క రోజులో వెళ్లి రావాలనుకునేవాళ్లకు అది దూరం.

ఇక లంగరు. ఆరింట్లో బరువైన బోటు, మంచి లంగరున్న బోటు ఏదో చూసి దాన్నే లంగరు బోటుగా పెట్టుకోండి. అది అందరికన్నా గంట ముందు చేరాలి. ఎన్ని అడుగుల తాడు వదలాలన్న లెక్కలో చాలామంది తప్పుతారు. లోతుకి ఏడింతల తాడు కావాలని, లోతు మీటరు 8 అడుగులు చూపిస్తే దాన్ని ఏడుతో గుణించి 56 అడుగులు వదిలి, సరిపోయిందనుకుంటారు. తాడు మొదలయ్యేది నీటిమట్టం నుంచి కాదు, బోటు ముందు కొమ్ము నుంచి. ఆ కొమ్ము నీటికి 4 అడుగుల పైన ఉంటుంది. ఇక్కడ పోటు ఒక అడుగుకి అటూఇటూ, అదీ కలుపుకోవాలి. 8, 4, 1 మొత్తం 13. ఏడింతలంటే 91 అడుగులు. 56 వదిలిన బోటుకి ఉన్నది నాలుగింతల పైచిలుకే. ఒక్క బోటుకి ప్రశాంతమైన రోజున అది చాలొచ్చు, అయిదు బోట్లు పక్కన వేలాడితే చాలదు. తాడు వదిలాక వెనక గేరు వేసి మెల్లగా ఆక్సిలరేటర్ పెంచి, అర నిమిషం అలా లాగి ఉంచండి. అప్పుడు ఒడ్డున ఒక చెట్టునీ దాని వెనకాల ఇంకో చెట్టునీ గురి పెట్టి చూడండి. రెండూ ఒకదానితో ఒకటి జరగకుండా నిలబడితే లంగరు పట్టినట్టు. జరుగుతుంటే ఎత్తి మళ్లీ వేయాలి. ఇది అయ్యాకే రెండో బోటుని రమ్మనండి.

ఆరు బోట్లకు ఒక్క లంగరేనా, చివరి బోట్లు కూడా వేస్తే గట్టిగా ఉంటుంది కదా అంటారు. గాలి తిరగనంత సేపు ఉంటుంది. తిరిగాక రాఫ్టు మొత్తం ఒక చుట్టు తిరుగుతుంది, లంగరు తాళ్లు ఒకదాని మీద ఒకటి మెలిపడతాయి, విడిపోదామన్న సమయానికి ఎవరి లంగరూ ముందు పైకి రాదు. ఒక్క లంగరు మీద ఆరు బోట్లు దాటనివ్వకండి. గాలి వేగం 12 నాట్లు (గంటకు సుమారు 14 మైళ్లు) దాటితే రాఫ్టే కట్టకండి, ఎవరి లంగరు వాళ్లు వేసుకుని డింగీల్లో, అంటే బోటు వెంట ఉండే చిన్న పడవల్లో, ఒకరి దగ్గరికొకరు వెళ్లండి. అలా కలిసినా బాగానే ఉంటుంది.

కట్టుకునే తీరు దగ్గరే గొడవలన్నీ. లంగరు వేసిన బోటు ముఖం గాలికి ఎదురుగా ఉంటుంది. వచ్చే బోటు వెనకనుంచి, అదే దిశలో, పది అడుగుల దూరంలో సమాంతరంగా, నడక కన్నా నెమ్మదిగా రావాలి. బోట్లు ఒకదానికొకటి రాసుకోకుండా పక్కన వేలాడదీసే మెత్తటి ఫెండర్లు ముందే వేలాడుతూ ఉండాలి, కనీసం నాలుగు. 35 అడుగుల బోటుకి 8 అంగుళాల మందం ఉన్నవి కావాలి. మెరీనాలో రేవుకి కట్టినప్పటి ఎత్తులోనే వదిలేసి వస్తారు, అది కుదరదు. రేవు కింద ఉంటుంది, పక్క బోటు మీతో సమానమైన ఎత్తులో ఉంటుంది, రెండు బోట్లూ తగిలేది డెక్కు అంచుకి కాస్త కింద. ఫెండర్ నడుము ఆ చోటుకి రావాలి. మూడు ఫెండర్లు బోటు వెడల్పుగా ఉన్న నడిమి భాగంలోనే ఉండాలి. వాటిని డెక్కు చుట్టూ కంచెలా ఉండే లైఫ్‌లైన్ తీగకి కట్టకండి. ఒక్క పెద్ద అలకి ఆ తీగని నిలబెట్టే కడ్డీ, స్టాంచన్, వంగిపోతుంది. స్టాంచన్ మొదట్లోనో, డెక్కు మీద తాళ్లు కట్టే కొక్కెం క్లీట్‌కో కట్టండి.

ముందు కొమ్ము తాడు మొదట అందించాలి. వెనక తాడు మొదట ఇస్తే గాలి ముందు భాగాన్ని బయటికి తోసేస్తుంది, బోటు అడ్డం తిరుగుతుంది. ఉచ్చు ఉన్న కొస పక్క బోటుకి ఇచ్చి, వదులు కొస మీ క్లీట్ మీదే ఉంచుకోండి. బిగించాలన్నా విప్పాలన్నా అది మీ చేతిలో ఉండాలి. తర్వాత వెనక తాడు, ఆ తర్వాత ముందుకీ వెనక్కీ జరక్కుండా రెండు స్ప్రింగ్ తాళ్లు. ఎవరూ దూకకూడదు. బోట్ల మధ్య చెయ్యి గానీ కాలు గానీ అడ్డం పెట్టకూడదు. బరువు టన్నుల్లో ఉన్న బోటుని అరచేత్తో ఆపబోయి వేళ్లు నలిపించుకోవడం నీళ్ల మీద పాత కథే.

స్ప్రింగ్ తాళ్లు బిగించే ముందు అందరూ ఒక్కసారి పైకి చూడండి. దీన్ని మరచిపోయే రాఫ్టులు లెక్కలేనన్ని. తెరచాప నిలబెట్టే స్తంభం మాస్టు. దానికి రెండు పక్కలా స్ప్రెడర్లనే అడ్డకమ్మీలు మూడు నాలుగు అడుగులు బయటికి చాచి ఉంటాయి, మాస్టుని పట్టి ఉంచే తీగలు వాటి మీదుగా పోతాయి. రెండు మాస్టులూ ఎదురెదురుగా ఉంటే కింద ఫెండర్ల దగ్గర అంతా నిమ్మళంగానే కనిపిస్తుంది. ఎవడో పవర్‌బోటు వేసుకుని పక్కనుంచి వెళ్తాడు, అల వచ్చి ఒక బోటు ఇటు, ఇంకోటి అటు ఒరుగుతుంది, పైన స్ప్రెడర్ పోయి పక్కదాని తీగల్లో ఇరుక్కుంటుంది. స్ప్రెడర్ కొస విరిగితే మాస్టు నిలబడుతుందన్న భరోసా లేదు. అందుకే మాస్టులు ఒకదానికొకటి నాలుగడుగులైనా ముందు వెనకలుగా ఉండేలా బోట్లను జరిపి అప్పుడు స్ప్రింగులు బిగించాలి. కాక్‌పిట్‌లు, అంటే బోటు వెనక కూర్చునే చోట్లు, వరసగా రావాలి, మాటలు కలవాలి అని బోట్ల వెనక భాగాలన్నీ ఒకే గీతలోకి లాగుతారు కొందరు. అలా లాగినప్పుడు మాస్టులు ఎక్కడికొచ్చాయో మళ్లీ చూసుకోండి.

బోట్లను కుడికొకటి ఎడమకొకటి మార్చి మార్చి కట్టండి, పెద్దవి లోపల, చిన్నవి చివర్లో. అన్నీ ఒకే పక్క కడితే లంగరు తాడు మీద బరువు ఒరిగి రాఫ్టు పక్కకి తిరుగుతుంది. వరస ముందే రాసి అందరికీ పంపండి. ముందు బోటు రేడియో (వీహెచ్ఎఫ్) చానెల్ 16లో పిలిచి, వెంటనే 72కి మారి అక్కడ మాట్లాడుకోండి. 16 ఆపదలో పిలిచే చానెల్, దాన్ని కబుర్లతో నింపడం తప్పు.

విడిపోయే వేళ సూర్యాస్తమయానికి గంట ముందు. ఇందులో మొహమాటం వద్దు. రాత్రి అలాగే కట్టుకుని పడుకుందాం, పిల్లలు సంబరపడతారు అనేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఈ ప్రాంతంలో వేసవి ఉరుములు సాధారణంగా పడమటి నుంచి వస్తాయి, ముందు గాలి పూర్తిగా పడిపోతుంది, పది నిమిషాల్లో 40 నాట్ల ఈదురుగాలి కొడుతుంది. 2012 జూన్ 29 రాత్రి వచ్చిన డెరెచో (వందల మైళ్లు సాగే ఉరుముల గాలివాన) అయితే పదిన్నర ప్రాంతంలో వాషింగ్టన్ మీదుగా గంటకు 70 మైళ్లకు అటూఇటూ వేగంతో ఇటు వచ్చిపడింది. అలాంటి గాలిలో, చీకట్లో, నిద్రమత్తులో ఆరు బోట్ల తాళ్లు విప్పడం సాధ్యమయ్యే పని కాదు. ఆరు బోట్లు నెమ్మదిగా విడిపోవడానికే అరగంట పడుతుంది. అందుకే రేడియోలో వెదర్ చానెల్ వింటూ ఉండే బాధ్యత ఒకరికి అప్పగించండి. పడమట మబ్బు నల్లబడి హెచ్చరిక రాగానే ఆ మనిషి మాటే చెల్లాలి, భోజనం సగంలో ఉన్నా సరే. చివరి బోట్లు ముందు, ఒకటి కుడి నుంచి ఒకటి ఎడమ నుంచి. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు నీళ్లలో పిల్లలెవరూ లేరని లెక్కపెట్టి చూడండి, డింగీ తాడు ప్రొపెల్లర్ దగ్గర లేదని చూడండి. రాత్రి ఉండేవాళ్లు దూరంగా ఎవరి లంగరు వాళ్లు వేసుకుని మాస్టు మీద తెల్ల దీపం వెలిగించుకోవాలి.

జనరేటర్ మాట తప్పకుండా చెప్పాలి. రాఫ్టులో ఎవరూ జనరేటర్ గానీ, ఏసీ కోసం ఇంజన్ గానీ నడపకూడదు. మీ బోటు పొగ వెళ్లేది పక్క బోటు క్యాబిన్ కిటికీలోకి. అక్కడ చంటిపిల్లలు పడుకుని ఉంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి వచ్చేసరికే ఆలస్యమవుతుంది. ఈ ఒక్క విషయంలో చుట్టరికం చూడకుండా ఆపేయించండి.

అతిథులు ఎక్కేటప్పుడు ఇంట్లోకి వెళ్లినట్టే చెప్పులు విప్పాలి, ఇది మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకోటి: ఒక బోటు నుంచి ఇంకో బోటుకి వెళ్లేటప్పుడు మాస్టు ముందు నుంచి నడవాలి, వాళ్ల కాక్‌పిట్ మధ్యలోంచి కాదు. టాయిలెట్ ట్యాంకు శుక్రవారమే పంప్-అవుట్ చేయించుకోండి, అంటే పంపుతో తోడించి ఖాళీ చేయించుకోండి. 20 గ్యాలన్ల ట్యాంకు పదిహేనుమంది అతిథులకు మధ్యాహ్నానికే నిండుతుంది, నదిలోకి వదలడం చట్టరీత్యా నేరం. ఎవరి కుటుంబం వాళ్ల బోటే వాడుకోవాలని ముందే అనుకుంటే ఏ ఒక్క ట్యాంకూ పొంగదు. మంచినీళ్లు మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున, అదీ చేతులు కడుక్కునే నీళ్లు కాకుండా.

భోజనానికి వస్తే, నీళ్ల మీద నూనె మూకుడు వద్దు. మిరపకాయ బజ్జీలు ఎంత ఊరించినా సరే, ఒక్క అలకి ఆ నూనె ఎవరి ఒళ్లో పడుతుందో తెలియదు. పులిహోర, దద్దోజనం, ఆవకాయ, ఇంట్లోనే వేయించి తెచ్చిన కోడి వేపుడు చాలు. మేరీల్యాండ్‌లో ఉండి పీతలు తినకపోతే ఎలా అంటే, ఒడ్డున ఆవిరి మీద ఉడికించినవి డజన్ల లెక్కన దొరుకుతాయి. వాటి మీద చల్లే ఓల్డ్ బే మసాలా కారం సరిపోనివాళ్లు ఇంటి నుంచి పీతల ఇగురు వండి తెచ్చుకోవచ్చు. గ్రిల్లు వెనక కమ్మీకి బిగిస్తే పొగ గాలివాటున వెనక్కే పోతుంది. కానీ రబ్బరు డింగీ, పెట్రోలు డబ్బా సరిగ్గా దాని కిందే కట్టి ఉంటాయి, వాటిని ముందు భాగానికి మార్చండి. ఐసు ముక్కలు కాకుండా దిమ్మలు కొనండి, సాయంత్రం దాకా నిలుస్తాయి.

ఆటలకు ఒక్క డింగీ పందెం చాలు: మోటారు ఎత్తేసి, తెడ్లతో, లైఫ్‌జాకెట్ వేసుకున్న పిల్లలు మాత్రమే, రాఫ్టు చుట్టూ రెండు చుట్లు. పెద్దవాళ్లు డెక్కు మీద నిలబడి కేకలు వేస్తారు, అంతకు మించి ఏర్పాట్లు అక్కర్లేదు.

గురువారం రాత్రికల్లా అందరికీ ఒకే మెసేజ్ వెళ్లాలి. అందులో లంగరు బోటు పేరు, అది చేరే వేళ, కట్టుకునే వరస, ఒక్కో బోటు డెక్కు ఎత్తూ కీల్ లోతూ, చానెల్ 72, విడిపోయే వేళ, వెదర్ చూసే మనిషి పేరు ఉండాలి. ఇంకో రెండు బోట్లు కూడా వస్తామని శుక్రవారం ఎవరైనా అంటే, రమ్మనండి కానీ రాఫ్టులోకి కాదు. కాస్త దూరంలో వాళ్ల లంగరు వాళ్లు వేసుకుని డింగీలో భోజనానికి రమ్మనండి.