కొన్న రాయికి ఊరు ఉండదు

నిగనిగలాడే స్ఫటికాలు అంగట్లోనే దొరుకుతుంటే ఎండలో గుట్టల వెంట తిరిగి రాళ్లు ఏరుకోవడంలో ఏముంది, కడప చుట్టుపక్కల అయితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. పదకొండేళ్లుగా నా ఆదివారాలు చాలావరకు ఈ పనికే పోతున్నాయి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నా అరలో కొన్న రాయి కూడా ఒకటి ఉంది, ఊదారంగు స్ఫటికం. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది ఏ కొండలో పుట్టిందో, దాన్ని అంటిపెట్టుకుని ఏ రాయి ఉండేదో అమ్మినవాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. దాని పక్కనే పులివెందుల దగ్గరి వేముల నుంచి తెచ్చిన ముగ్గురాయి (బెరైటీస్) ముక్క ఉంది. ఒక మూల ఎర్రమట్టి మరక, ఇంకో వైపు గునపం దెబ్బ. ఇంటికి ఎవరైనా వస్తే నా చెయ్యి ముందుగా దాని మీదకే పోతుంది.

అది దొరికిన రోజు వేముల దగ్గర ఒక వేరుశనగ చేను గట్టు వెంట తల వంచుకుని నడుస్తున్నాను. చేనులో ఉన్న పెద్దాయన కాసేపు చూసి, "ఏం పోగొట్టుకున్నావు తల్లీ?" అని కేకేశాడు. ఏమీ పోగొట్టుకోలేదు, రాళ్లు చూస్తున్నాను అన్నాను. "రాళ్లా! ముప్పై ఏళ్లుగా ఏరి గట్టున పోస్తూనే ఉన్నాను. నీకు ఎన్ని కావాలో అన్నీ తీసుకుపో" అన్నాడు. ఆ గట్టు మీద కుప్ప ముందు గంటన్నర కూర్చున్నాను. పిడికెడంత తెల్లరాళ్లు మూడు ఏరాను. కంటికి మూడూ ఒకటే. మొదటిది కత్తికి లొంగలేదు, పైగా గాజు ముక్క మీద గీత పెట్టింది. అది పలుగురాయి. రెండోదాని మీద కత్తి గీత పడింది, సజల ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని నురగ వచ్చింది. అది కాల్సైట్, సున్నపు ఖనిజం. మూడోదాన్ని ఎత్తగానే మణికట్టు కిందికి వంగింది. పరిమాణం అంతే, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే. ఆమ్లానికి ఉలుకూ పలుకూ లేదు. బెరైటీస్ సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లని పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను, కానీ ఆ మాట నా చేతికి అర్థమైంది ఆ రోజే. "అది ముగ్గురాయి. మా నాయన ఆ గనుల్లోనే పనిచేశాడు" అని పెద్దాయన దగ్గరికి వచ్చి చెప్పాడు. ఆ తరువాత నేను వెళ్లిన ప్రతిసారీ మోటారు కొట్టం గూట్లో నా కోసం రెండు మూడు రాళ్లు దాచి ఉంచేవాడు. అంగట్లో కొన్నదానికి ఇదంతా ఎక్కడ వస్తుంది?

ఈ రాళ్లు అక్కడే ఎందుకున్నాయన్నది తెలిసిన కొద్దీ తిరగడంలో రుచి పెరుగుతుంది. వేంపల్లె, పులివెందుల వైపు నేల అడుగున ఉన్నది ఒకనాటి సముద్రం అడుగున ఏర్పడిన డోలమైటు, సున్నపురాయి లాంటిదే. దాన్ని కాస్త కడిగి చూడండి, తరిగిన క్యాబేజీలాగా పొర మీద పొర కనిపిస్తుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవుల చాపలు పేర్చిన పొరలవి, స్ట్రోమటోలైట్లు అంటారు. ఆ పొరల మధ్యకు తరువాత ఎప్పుడో కరిగిన నల్లరాయి చొరబడి గట్టిపడింది. పులివెందుల దగ్గర ఆ నల్లరాతి పొర వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. అంటే క్యాబేజీ రాయి అంతకంటే పాతది. ఆ వేడికి డోలమైటు రూపు మారి ఒకచోట బలపపు రాయి అయింది, ఒకచోట రాతినార (ఆస్బెస్టాస్) అయింది. పలుగు, ముగ్గురాయి పగుళ్లలో చారలుగా నిండాయి. మంగంపేటలో ఉన్న ముగ్గురాయి తీరు వేరు. అక్కడ అది బూడిద రంగులో పెద్ద పొరగా పరుచుకుని ఉంది, ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాలలో ఒకటి. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒకే ఖనిజం రెండు దారుల్లో ఎలా పుడుతుందో కళ్లకు కడుతుంది.

రాతినార సంగతి గట్టిగా చెప్పాలి. పులివెందుల, బ్రాహ్మణపల్లి వైపు పాత గనుల దగ్గర పోసిన రాళ్లలో పట్టుదారాల్లా మెరిసే పచ్చని, తెల్లని చారలు కనిపిస్తాయి. ఎంతో అందంగా ఉంటాయి. ముట్టుకోకండి, సుత్తితో కొట్టకండి. ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తరువాత ప్రాణం మీదకు వస్తుంది. నా సేకరణలో అది లేదు, ఉండదు కూడా. అలాగే పాత గని గుంతల్లోకి దిగవద్దు. బెలుం గుహల్లో సున్నపు ఊడలు విరిచి తెచ్చుకున్నవాళ్లను చూశాను, నాకు కడుపు రగిలింది. నీటిబొట్టు వేల ఏళ్లపాటు కట్టినదాన్ని బల్ల మీద పెట్టుకోవడానికి విరవడం సేకరణ ఎలా అవుతుంది?

వజ్రాల గురించి ఎలాగూ అడుగుతారు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో జనం బారులు తీరుతారు. నేనూ రెండు రోజులు తిరిగాను, వజ్రం దొరకలేదు. కానీ 110 కోట్ల ఏళ్ల కిందట 150 కిలోమీటర్ల లోతు నుంచి వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైటు అనే అగ్నిశిల గొట్టాలు వజ్రకరూరు నేలలో ఉన్నాయని తెలిసి ఆ మట్టి మీద నడుస్తుంటే ఒళ్లు జలదరించింది. మొదలుపెట్టేవాళ్లకు మాత్రం వజ్రాల వేట వద్దంటాను. ఆశ చూపును ఇరుకు చేస్తుంది, మెరవని రాయి కంటికే ఆనదు.

మీరు చేను గట్ల దగ్గర, ఎండిన వంకల్లో మొదలుపెట్టండి. ముందు రైతును అడగండి. చిన్న సుత్తి, కళ్లద్దాలు, భూతద్దం, పాత వార్తాపత్రికలు, రెండు లీటర్ల నీళ్లు చాలు. వేసవిలో పదింటికల్లా తిరుగుముఖం పట్టాలి. వాన వెలిసిన మరునాడు రాళ్లు కడిగినట్టు ఉంటాయి కాబట్టి వెతకడం తేలిక. రాయి తీసిన చోటే కాగితం మీద వివరం రాసి, రాయితో కలిపి చుట్టండి. ఇంటికి వచ్చాక రాద్దాం అనుకుంటే సగం మరిచిపోతాం. అలా మరిచిపోయిన రాళ్లు నా దగ్గర ఒక బుట్టెడు ఉన్నాయి, వాటిని చూస్తే ఇప్పటికీ బాధే. వేముల ముక్కతో ఉన్న చీటీ మీద మాత్రం ఇలా ఉంది: "ముగ్గురాయి. పెద్దాయన చేను, తూర్పు గట్టు. పక్కనే పలుగు, కాల్సైట్. ముందు రోజు వాన."