పేరు లేకుండా పేపర్ పంపేటప్పుడు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన డ్రాఫ్ట్ ఆసాంతం చదివాను. శ్రీకాకుళం యాసని ఈ స్పీచ్ మోడళ్లు ఎక్కడెక్కడ తప్పుగా వింటున్నాయో నువ్వు పట్టుకున్న తీరు నాకు చాలా నచ్చింది. పని గట్టిగా ఉంది. భాషని కంప్యూటర్లతో పరిశోధించేవాళ్ల సదస్సు ఏసీఎల్‌కి పంపుతున్నామన్నావు కాబట్టి, ఇక పంపే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్తాను. ఓపిగ్గా చదువు. ఇందులో కొన్ని ఇవాళే మొదలుపెట్టాల్సినవి ఉన్నాయి.

ముందు ఒక సంగతి. పేర్లు తీసేసి పంపమన్నారంటే అదేదో కాగితాల తతంగం అనుకోకు. ఇంటర్ పరీక్షల్లో ఆన్సర్ షీటు దిద్దే లెక్చరర్‌కి పిల్లాడి పేరు, ఊరు, కాలేజీ తెలియకుండా ఎందుకు చేస్తారో, ఇదీ అందుకే. 2017లో వెబ్ సెర్చ్ పరిశోధకుల సదస్సు డబ్ల్యూఎస్‌డీఎంలో ఒక ప్రయోగం చేశారు. ప్రతి పేపర్‌నీ నలుగురు రివ్యూయర్లకి, అంటే చదివి తూకం వేసేవాళ్లకి, ఇచ్చారు. ఇద్దరికి రచయితల పేర్లు కనిపిస్తాయి, ఇద్దరికి కనిపించవు. పేర్లు కనిపించినవాళ్లు పేరున్న రచయితల పేపర్లకీ, పెద్ద యూనివర్సిటీల, పెద్ద కంపెనీల పేపర్లకీ ఎక్కువ మొగ్గు చూపారని తేలింది. జిల్లా కాలేజీ నుంచి వస్తున్న నీకు ఈ నియమం ఎంత అండో ఆలోచించు. నీ పేపర్‌ని పేపర్‌గా మాత్రమే చదివించుకునే హక్కు అది. దాన్ని నీ చేతులతో నువ్వే పాడుచేసుకోకూడదు.

ఇప్పుడు నీ డ్రాఫ్ట్‌లోకి వద్దాం. రెండో పేజీలో "మా గత పత్రంలో మేం చూపినట్టుగా" అని మీ సార్ పాత పేపర్‌ని ఉదహరించావు. ఆ ఒక్క వాక్యంతో మీరెవరో తెలిసిపోతుంది. అలాగని ఆ ఉదహరింపుని కొట్టేయకు, పేరు చోట "అనామకం" అని కూడా పెట్టకు. అలా దాచిపెట్టే ఉదహరింపులు వద్దని ఏసీఎల్ సూచనల్లోనే ఉంది. చదివేవాళ్లకి ఆ పాత పని ఏమిటో తెలియకపోతే నువ్వు కొత్తగా ఏం చేశావో ఎలా తూకం వేస్తారు? దానికి మార్గం ఒక్కటే. ఎవరో పరాయివాళ్ల పని గురించి చెప్తున్నట్టు రాయాలి. "ఫలానావారు ఫలానా సంవత్సరంలో ఇలా చూపారు, ఆ పద్ధతికి మేం ఇది జోడిస్తున్నాం" అంటే చాలు, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. కాకపోతే ఆ పాత పేపర్‌ని అవసరానికి మించి పొగడకు, పదే పదే తలచుకోకు. ఇరవై రిఫరెన్సుల్లో ఎనిమిది ఒకే గ్రూప్‌వి అయితే చదివేవాడికి వెంటనే అర్థమైపోతుంది. ఆ పాత పని ఇంకా అచ్చు కాకపోతే, పేర్లు తీసేసిన కాపీని సప్లిమెంటరీ ఫైళ్లలో జతచెయ్యి.

డేటా సెక్షన్ దగ్గర నువ్వు ఉల్టా చేశావు. "ఒక ప్రాంతంలోని మాట్లాడేవాళ్ల నుంచి సేకరించాం" అని రాసి వదిలేశావు. జిల్లా పేరు కనిపిస్తే పట్టుబడతామని భయపడ్డావని అర్థమైంది. ఆ భయం అక్కర్లేదు. అది శ్రీకాకుళం యాస అన్నది నీ పేపర్‌కి ప్రాణం. "ఏటి" అన్న మాటని మోడల్ "ఏరు" అనో "ఏడు" అనో వింటోందని చెప్పాలంటే, ఆ మాట ఎక్కడిదో చెప్పకుండా ఎలా కుదురుతుంది? యాస పేరు, జిల్లా, మాట్లాడినవాళ్ల వయసులు, ఆడా మగా ఎంతమంది, చదువు, వీటన్నిటినీ వివరంగా రాయి. ఆ యాస మీద ప్రపంచంలో ఎక్కడినుంచైనా పని చెయ్యొచ్చు. తీసెయ్యాల్సింది మీ కాలేజీ పేరు, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం మీదున్న సంస్థ పేరు, నంబరు, ప్రాజెక్టుకి డబ్బిచ్చినవాళ్ల పేరు, మీ డిపార్ట్‌మెంట్ సర్వర్‌కి పెట్టుకున్న ముద్దు పేరు. "సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది" అంటే ఇప్పటికి సరిపోతుంది. "మా కాలేజీ మూడో సంవత్సరం విద్యార్థులు" అన్నచోట "ఆ యాస మాతృభాషగా ఉన్న డిగ్రీ విద్యార్థులు" అని మార్చు. వాళ్లకి ఎంత ఇచ్చారో, ఎలా శిక్షణ ఇచ్చారో మాత్రం తప్పకుండా ఉంచు. కృతజ్ఞతల పేరా మొత్తం ఇప్పటికి తీసి పక్కన దాచిపెట్టు.

కోడ్, డేటా లింకుల దగ్గర చాలామంది దొరికిపోతారు. గూగుల్ డ్రైవ్ లింక్ ఇస్తే తెరిచినవాళ్లకి ఓనర్ ఎవరో కనిపిస్తుంది. గిట్‌హబ్ లింక్‌లో నీ యూజర్‌నేమ్ ఉంటుంది. పేర్లు చెరిపి చూపించే అనానిమస్ గిట్‌హబ్ లాంటి సర్వీసు వాడొచ్చు, లేదంటే జిప్ ఫైల్‌గా అప్‌లోడ్ చెయ్యొచ్చు. నన్నడిగితే జిప్పే నయం. చదివేవాళ్లు ఆ ఫైల్ దాటి బయటికి వెళ్లాల్సిన పని ఉండదు. అయితే జిప్ చేసే ముందు అందులో దాగి ఉన్న గిట్ ఫోల్డర్ తీసెయ్యాలి. నువ్వు చేసిన ప్రతి మార్పు పక్కనా నీ పేరూ ఈమెయిలూ అందులో ఉంటాయి. జూపిటర్ నోట్‌బుక్కుల్లో ఎర్రర్ మెసేజ్‌లు అలాగే మిగిలిపోతాయి. వాటిలో ఫైల్ దారి, ఆ దారిలో నీ లాగిన్ పేరు. అవుట్‌పుట్లన్నీ క్లియర్ చేసి సేవ్ చెయ్యి. ఆడియో ఫైళ్ల పేర్లు కూడా చూసుకో. మాట్లాడినవాళ్ల అసలు పేర్లతో సేవ్ చేశారేమోనని నాకు అనుమానంగా ఉంది. అలా ఉంటే అది అనామకత్వం కన్నా పెద్ద సమస్య. నిన్ను నమ్మి గొంతు ఇచ్చినవాళ్ల పేర్లు బయటికి పోకూడదు. ముందు అది సరిచెయ్యి.

పీడీఎఫ్ లోపలి సమాచారం సంగతి కూడా చూడాలి. ఫైల్ ప్రాపర్టీస్ తెరిస్తే రచయిత అన్నచోట పేరు ఉండొచ్చు. పవర్‌పాయింట్‌లో గీసి ఎగుమతి చేసిన బొమ్మల్లోనూ చేసినవాళ్ల పేరు ఉండిపోతుంది. స్క్రీన్‌షాట్‌లో పైన మూలన నీ ప్రొఫైల్ ఫొటో కనిపిస్తోంది, మూడో బొమ్మలో చూడు. పేరు మీద నల్ల డబ్బా గీసి కప్పడం వల్ల లాభం లేదు. కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే బయటపడతాయి. దాన్ని మూలంలోనే తీసేసి మళ్లీ పీడీఎఫ్ చెయ్యాలి.

ఇక ఫార్మాటింగ్. ఇది తప్పితే పేపర్ రివ్యూ దాకా వెళ్లకుండానే డెస్క్ రిజెక్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అంత కష్టపడి ఆ కారణంతో వెనక్కి రావడం ఎంత బాధో చెప్పక్కర్లేదు. ఏసీఎల్ వాళ్ల టెంప్లేట్ తాజాది దించుకో, సీనియర్లు ఇచ్చిన పాత ఫోల్డర్ మీద పని చెయ్యకు. పేపర్ కూర్చే సాఫ్ట్‌వేర్ లాటెక్‌లో స్టైల్ ఫైల్‌ని పిలిచే చోట 'రివ్యూ' అన్న ఆప్షన్ ఉందో లేదో చూసుకో. అది ఉంటే రచయితల చోట "అనానిమస్" అన్న లైను వస్తుంది, అంచుల్లో లైన్ నంబర్లు పడతాయి. రివ్యూ చేసేవాళ్లు ఆ నంబర్లు చెప్పే నిన్ను ప్రశ్నలడుగుతారు. కాగితం సైజు ఏ4. లాంగ్ పేపర్ అయితే అసలు విషయం 8 పేజీలు, షార్ట్ అయితే 4. రిఫరెన్సులకి పేజీల లెక్క లేదు. అపెండిక్స్ వాటి తర్వాత వస్తుంది, దాన్ని చదవాల్సిన బాధ్యత రివ్యూ చేసేవాళ్లకి లేదు. నీ ముఖ్యమైన టేబుల్, అదే యాసవారీగా తప్పుల శాతం చూపించేది, ఇప్పుడు అపెండిక్స్‌లో ఉంది. దాన్ని వెంటనే లోపలికి తీసుకురా. చోటు చాలకపోతే మొదటి పేజీలో ఆ చరిత్ర అంతా తగ్గించు. మార్జిన్లు జరపడం, హెడింగుల మధ్య చోటు నొక్కడం మాత్రం చెయ్యకు. రోజూ పేపర్లు చూసేవాళ్ల కళ్లకి అది తెలిసిపోతుంది.

"లిమిటేషన్స్" సెక్షన్ తప్పనిసరి. అది పేజీల లెక్కలోకి రాదు, కన్‌క్లూజన్ తర్వాత, రిఫరెన్సుల ముందు ఉండాలి. అది లేకపోతే డెస్క్ రిజెక్టే. నువ్వు అక్కడ రెండు లైన్లు రాసి ముగించావు. ఒకే జిల్లా డేటా అని, ముసలివాళ్ల గొంతులు తక్కువని, ఇంట్లో రికార్డింగే తప్ప సంతలో, బస్టాండ్‌లో రికార్డింగ్ లేదని నాకు నువ్వే ఫోన్‌లో చెప్పావు కదా. అదే రాయి. లోపాలు ఒప్పుకుంటే మార్కులు తగ్గించొద్దని రివ్యూ చేసేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తారు. దాంతోపాటు నింపాల్సిన చెక్‌లిస్ట్ ఫారం కూడా ఆఖరి గంటకి వదలకు.

తెలుగు అక్షరాల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనలాంటి వాళ్లకే ఈ బాధ. లాటెక్ ఫైల్‌ని పీడీఎఫ్‌గా మార్చే మామూలు కంపైలర్ పీడీఎఫ్‌లాటెక్ తెలుగుని సరిగ్గా చూపించలేదు. నువ్వు తెలుగు ఉదాహరణల్ని బొమ్మలుగా అతికించావు. పెద్దది చేస్తే మసకబారుతున్నాయి, వెతికితే దొరకవు. లువాలాటెక్ అనే ఇంకో కంపైలర్‌కి మారు. ఏసీఎల్ వాళ్ల ఫోల్డర్‌లోనే దానికి ఒక నమూనా ఫైల్ ఉంటుంది. లాటెక్‌ని ఆన్‌లైన్‌లో రాసుకునే ఓవర్‌లీఫ్‌లో అయితే మెనూలో కంపైలర్ మార్చుకోవడమే. నోటో తెలుగు ఫాంట్ పెట్టి, రెండరర్‌గా, అంటే అక్షరాల్ని కలిపి చూపించేదిగా, హార్ఫ్‌బజ్ అని చెప్పాలి. అది చెప్పకపోతే "స్త" అని రావాల్సిన చోట "స్‌త" అని విడిపోయి రావచ్చు. తెలుగు రాని రివ్యూయర్‌కి అది తప్పని కూడా తెలియదు. మనవాళ్లెవరైనా చూస్తే మాత్రం ఈ రచయితలు తమ పేపర్‌నే చదువుకోలేదా అనుకుంటారు. కంపైల్ అయ్యాక ప్రతి తెలుగు మాటనీ కళ్లతో చూసుకో. ఒత్తులు, గుణింతాలు, అరసున్నలు అన్నీ. ప్రతి ఉదాహరణ కిందా రోమన్ లిపిలో ఉచ్చారణ, దాని కింద ఇంగ్లీషు అర్థం ఇవ్వు. "గుంటడు" అంటే కుర్రాడని నీకూ నాకూ తెలుసు, బెర్లిన్‌లో కూర్చుని చదివేవాడికి తెలియదు.

ఇవాళే చెయ్యాల్సిన పని ఒకటుంది. పేపర్ వెళ్లేది ఏసీఎల్ రోలింగ్ రివ్యూకి, ఓపెన్‌రివ్యూ సైట్ ద్వారా. రచయితలందరికీ అక్కడ ప్రొఫైల్ ఉండాలి. కాలేజీ ఈమెయిల్ లేకుండా జీమెయిల్‌తో కొత్త ప్రొఫైల్ తెరిస్తే వాళ్లు పరిశీలించి ఓకే చేయడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. రికార్డింగులు చేసిన ఆ అబ్బాయి పేరు కూడా పెడతానన్నావు, మంచిది. అతనికి ఈ రాత్రే చెప్పు. రచయితల పేర్లు, వరస మీ సార్‌తో మాట్లాడి ముందే ఖాయం చేసుకో. గడువు దాటాక ఈ విషయంలో మొహమాటాలు పనికిరావు.

గడువు విషయంలో "ఏఓఈ" అని రాసి ఉంటుంది. భూమి మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా ఉన్నంతవరకూ అని దాని అర్థం. మన టైమ్‌లో అది మర్నాడు సాయంత్రం సుమారు 5:30 అవుతుంది. ఆ సమయం నీకు బోనస్ అనుకోకు. ముందు రోజే ఒక పీడీఎఫ్ అప్‌లోడ్ చేసేసి, గడువు లోపల మెరుగైనది మార్చుకో. ఆఖర్లో సైట్ నెమ్మదిస్తే టెన్షన్ పడేది నువ్వే.

రివ్యూకి ముందే పేపర్లు అందరికీ కనిపించేలా పెట్టే సైట్ ఆర్కైవ్ (arXiv)లో ముందే పెట్టొచ్చా అని అడిగావు. ఒకప్పుడు గడువుకి నెల ముందు నుంచి పెట్టకూడదనేవాళ్లు. 2024 జనవరిలో ఏసీఎల్ ఆ నిషేధం ఎత్తేసింది. కాబట్టి పెట్టొచ్చు. వేరే సదస్సుకి పంపితే వాళ్ల నియమం వాళ్లదే, చూసుకోవాలి. నా సలహా మాత్రం రివ్యూలు వచ్చేదాకా ఆగమనే. పేరుతో బయటపెట్టిన పేపర్‌ని రివ్యూయర్ గూగుల్‌లో చూసేస్తే, నేను పైన చెప్పిన ఆ అండ పోయినట్టే. ఎవరో ముందే ఇదే పని బయటపెట్టేస్తారన్న భయం నిజంగా ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

అంతా అయ్యాక పీడీఎఫ్ తెరిచి నీ ఇంటిపేరు, మీ సార్ ఇంటిపేరు, కాలేజీ పేరు, ఊరి పేరు, సర్వర్ పేరు ఒక్కొక్కటిగా వెతుకు. రిఫరెన్సుల్లో, పాత పేపర్‌ని పరాయివాళ్లదిగా ఉదహరించినచోట తప్ప ఎక్కడా కనిపించకూడదు. తర్వాత ఈ పనితో సంబంధం లేని స్నేహితురాలికి ఇచ్చి, "ఇది ఎవరు రాశారో చెప్పు" అని అడుగు. తను ఎక్కడ ఆగి ఆలోచిస్తుందో గమనించు, అక్కడ సరిచెయ్యి.

పేపర్ తీసుకున్నాక ఒక పేజీ అదనంగా ఇస్తారు. పేర్లు, కృతజ్ఞతలు అప్పుడు తిరిగి వస్తాయి. ఇప్పుడు తీసేసిన ఆ పేరాని జాగ్రత్తగా ఉంచమన్నది అందుకే. అందులో మీ సార్, డబ్బిచ్చినవాళ్లే ఉన్నారు. రికార్డింగుకి గొంతు ఇచ్చినవాళ్లకీ, మిమ్మల్ని ఇంటింటికీ తీసుకెళ్లిన ఆ అంగన్‌వాడీ టీచర్‌కీ కూడా ధన్యవాదాలు చెప్పాలి. ఆవిడ పేరు వెయ్యడం ఆవిడకి ఇష్టమేనేమో ఇప్పుడే కనుక్కుని ఉంచు. లువాలాటెక్‌లో కంపైల్ అయిన కాపీ ఆదివారం లోపు నాకు పంపు, తెలుగు ఉదాహరణలు నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య