పాత నోట్లతో వరుస కట్టిన మొండి బకాయిదార్లు

అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పన్ను రేట్లు పెంచకుండా ప్రభుత్వ ఆదాయం పెంచడం ఎలా, మన దేశంలో అది ఎందుకు కుదరడం లేదు అని అడిగారు. నేను ఆర్థికశాస్త్రం చదువుకోలేదు. కోస్తాలో ఒక మునిసిపాలిటీలో బిల్ కలెక్టరుగా చేరి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. కాబట్టి ఇంటిపన్ను గురించే చెబుతాను. ఆదాయపు పన్ను గురించి, కంపెనీల పన్ను గురించి చెప్పడానికి టీవీల్లో కావలసినంత మంది ఉన్నారు.

నా ఉద్యోగమంతా చూసి తేల్చుకున్నది ఇది: డబ్బు లేక పన్ను కట్టనివాళ్ళు చాలా తక్కువ. కట్టకపోయినా ఏమీ కాదని తెలిసి కట్టనివాళ్ళే ఎక్కువ. అనుమానముంటే 2016 నవంబరు గుర్తు చేసుకోండి.

నవంబరు 8 రాత్రి అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. ఒకటి రెండు రోజుల్లోనే మునిసిపల్ పన్నులు మాత్రం ఆ పాత నోట్లతో కట్టవచ్చని చెప్పారు. మామూలుగా మా ఆఫీసు కౌంటరు దగ్గర జనం కనిపించేది మార్చి ఆఖరి వారంలోనే. అలాంటిది ఆ రోజు మేం తలుపులు తీసేసరికే వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. అప్పటికప్పుడు షామియానా వేయించాం, మంచినీళ్ళ క్యాన్లు తెప్పించాం. నోట్లు లెక్కపెట్టే యంత్రం బ్యాంకులో అడిగితే వాళ్ళకే చాలడం లేదన్నారు. చివరికి ఒక నగల దుకాణం నుంచి అరువు తెచ్చాం. ఆ దుకాణానికీ మూడేళ్ళ బకాయి ఉంది. యంత్రంతో పాటు ఆ డబ్బూ పంపించారు.

ఆ వరుసలో ఒక కల్యాణ మండపం యజమాని నిలబడి ఉన్నారు. నేను నోటీసు పట్టుకుని వెళ్ళినప్పుడల్లా కాఫీ ఇప్పించి, మర్యాదగా కూర్చోబెట్టి, "ఈ ఏడు ముహూర్తాలు ఎక్కడున్నాయండీ, అంతా మూఢమే కదా" అనేవారు. ఆయన మండపానికి ఏడాది పొడుగునా మూఢమే. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుందని చెబితే, "వేసుకోండి, ఎలాగూ తీసేస్తారుగా" అని నవ్వేవారు. ఆ రోజు మాత్రం గుమాస్తా చేత సంచీ మోయించుకుని వచ్చి, "రిజిస్టరు తీయండి, వడ్డీతో సహా ఎంతయిందో చెప్పండి" అన్నారు. వడ్డీ అనే మాట ఆయన నోట రావడం నేను విన్నది అదే మొదటిసారి. కట్టలు విప్పుతుంటే కలరా ఉండల వాసన గుప్పుమంది. మొత్తం కట్టేశాక రాబోయే అయిదేళ్ళ పన్ను కూడా తీసుకోమన్నారు. రాబోయే సంవత్సరాల డిమాండు, అంటే కట్టవలసిన పన్ను లెక్క, కంప్యూటరులో ఇంకా ఎక్కలేదు, కుదరదని మా జూనియర్ అసిస్టెంటు చెబితే మండిపడ్డారు. "పన్ను కడతానంటే వద్దంటారేమిటి? ఇలాగైతే దేశం బాగుపడుతుందా?" అని వరుసలో ఉన్నవాళ్ళకు వినిపించేలా అరిచారు. ఆయన వెనకాల ఉన్నది ఒక లాడ్జి యజమాని. పన్ను అన్యాయంగా వేశామని కోర్టు నుంచి స్టే తెచ్చుకుని ఏళ్ళ తరబడి మాకు చూపించిన మనిషి. ఆ రోజు స్టే ఊసే ఎత్తలేదు.

మధ్యాహ్నం ఇడ్లీ బండి నడిపే ఒకావిడ వచ్చింది. కొంగు ముడి విప్పి మడతలు పడిన వెయ్యి నోట్లు రెండు బల్ల మీద పెట్టింది. పేరు చూస్తే బాకీ ఏమీ లేదు, ఏప్రిల్‌లోనే కట్టేసింది. "నీకు బాకీ లేదమ్మా, తీసుకోవడానికి వీల్లేదు" అని చెప్పవలసి వచ్చింది. ఎగవేతదారుకు పాత నోట్లు వదిలించుకునే దారి దొరికింది, వేళకు కట్టిన మనిషి బ్యాంకు ముందు ఎండలో నిలబడింది. నోట్ల రద్దు మంచిదా చెడ్డదా అనే వాదనలోకి నన్ను లాగవద్దు. ఆ కొద్ది రోజుల్లో మా ఊరి బకాయిల రిజిస్టరు ఎంత పలచబడిందో నేను చూశాను. అప్పుడు రేటు పైసా కూడా పెంచలేదు. ఆ డబ్బు అంతకుముందు కూడా బీరువాల్లోనే ఉంది.

అయితే ఏడాది తిరగకుండానే రిజిస్టరు మళ్ళీ లావెక్కింది. దానికి కారణం నన్నడిగితే, ఎప్పటికైనా వడ్డీ మాఫీ అవుతుందనే ధీమా. తెలంగాణలో 2020లో బకాయిదార్లకు పేరుకుపోయిన వడ్డీలో 90 శాతం వదిలేశారు. ఆంధ్రలోనూ ఇలాంటి మాఫీలు కొత్త కాదు. మార్చి దగ్గరపడితే చాలు, మొండి బకాయిదారు ఉగాది పంచాంగం కంటే ముందు మాఫీ జీవో కోసం చూస్తాడు. హైదరాబాదులో 2016 గ్రేటర్ ఎన్నికల ముందు, ఏడాదికి 1200 రూపాయల లోపు ఇంటిపన్ను ఉన్నవాళ్ళకు దాన్ని 101 రూపాయలు చేశారు. పేదవాడికి ఊరట అన్నారు. అసలు ఆ 1200 లోపు జాబితాలో ఉన్నవాళ్ళందరూ పేదలేనా, లేక సరిగా కొలవని మేడలు కూడా ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. నా అనుభవంలో రెండో రకం తక్కువేమీ కాదు.

కొలత విషయానికి వస్తే ఇంకా కోపం వస్తుంది. ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల్లో ఇళ్ళ పన్నును 2002లో సవరించారు, ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు ముట్టుకోలేదు. ఈలోగా పెంకుటిళ్ళు అపార్టుమెంట్లయ్యాయి. పన్ను వేసేది వార్షిక అద్దె విలువ మీద, అంటే ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందనే అంచనా మీద. మా రికార్డులో మాత్రం అది పెంకుటింటిదే. 2020లో చట్టం మార్చి, అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడాల ధర మీద పన్ను వేయాలన్నారు. మంచిదే. కానీ ఏటా 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. నిన్నటిదాకా అయిదు వందలు కట్టిన మూడంతస్తుల మేడ అసలు పన్నుకు చేరేలోపు దాని యజమాని మనవడికి పెళ్ళవుతుంది. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వేలో ఉపగ్రహ చిత్రాలు చూసి, బెంగళూరు, జైపూర్ నగరాలు తమకు రావలసిన ఆస్తిపన్నులో 5 నుంచి 20 శాతం మాత్రమే వసూలు చేస్తున్నాయని రాశారు. మా ఊరికి ఉపగ్రహం కూడా అక్కర్లేదు, ఏదైనా మేడ ఎక్కి చుట్టూ చూస్తే సరిపోతుంది. కొలవవలసిన బిల్ కలెక్టరేమో ఓటర్ల జాబితా పనిలోనో, ఇంకేదో సర్వేలోనో ఉంటాడు.

ఇల్లు పారిపోదు, దాక్కోదు, విదేశీ బ్యాంకులో ఖాతా తెరవదు. అయినా ప్రభుత్వాలకు దాని మీద పన్ను వేయాలంటే భయం. ఎందుకంటే ఆ బిల్లు ఓటరు చేతికి, పేరుతో సహా వస్తుంది. పెట్రోలు మీద వేసేది అలా రాదు. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, ఒక రూపాయి రోడ్డు సెస్సు. తెలంగాణలో 35.2 శాతం. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమంతట తాము పెంచుకోగలిగినవి పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లే అనుకోండి. అందుకే ఖజానా ఖాళీ అయినప్పుడల్లా చెయ్యి అటే పోతుంది. "మన దేశంలో పన్ను కట్టేది నూటికి ఇద్దరే" అని వాట్సాప్‌లో పంపేవారు దయచేసి మానుకోవాలి. వాళ్ళు చెప్పేది ఆదాయపు పన్ను మాత్రమే. మా ఇడ్లీ బండి ఆవిడ కొనే సబ్బులో పన్ను ఉంది, బండి సామాను తెచ్చే ఆటో తాగే ఇంధనంలో పన్ను ఉంది.

చెత్త పన్ను సంగతీ చెప్పాలి. 2021లో ఆంధ్ర పట్టణాల్లో ఇంటింటికీ నెలనెలా వేశారు, 2024 చివర్లో రద్దు చేశారు. మధ్యలో తిట్లు తిన్నది వార్డు సచివాలయాల పిల్లలు. ఇంటిపన్ను సరిగా మదింపు చేసి ఉంటే చెత్త ఎత్తడానికి వేరే రసీదు పుస్తకం అక్కర్లేకపోయేది.

పేద దేశాల్లో ఇది సాధ్యమా అంటే, సాధ్యమే. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ మనకంటే ఎంతో పేద నగరం. 2019, 2020 ప్రాంతంలో అక్కడి మేయరు ఇవోన్ అకీ-సాయర్ ఉపగ్రహ చిత్రాలతో ప్రతి కట్టడాన్నీ లెక్కలోకి తెచ్చారు. జాబితాలో సుమారు 57 వేలుగా ఉన్న ఆస్తులు లక్షా 20 వేలు దాటాయి. పైకప్పు ఏది, గోడలు వేటితో కట్టారు, ఎక్కడ ఉంది అని బయట నుంచి చూసి మార్కులు వేశారు. పెద్ద ఇళ్ళకు పన్ను బాగా పెరిగింది, చిన్న ఇళ్ళకు తగ్గింది. వెంటనే జాతీయ ప్రభుత్వం వసూళ్ళను కొంతకాలం ఆపించింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఎంతమాత్రం ఆశ్చర్యం వేయలేదు.

ఇదంతా చదివి, "మరి మీ బిల్ కలెక్టర్ల లంచాల మాటేమిటి?" అని అడిగేవారు ఉంటారని తెలుసు. పాకిస్తాన్‌లోని పంజాబులో ఆస్తిపన్ను సిబ్బందికి వసూళ్ళను బట్టి అదనపు జీతం ఇచ్చి పరిశోధకులు పరీక్షించారు. రెండేళ్ళలో, ఆ జీతం లేనిచోట కంటే వసూళ్ళు పెరిగే వేగం 46 శాతం ఎక్కువగా ఉంది. కాకపోతే అదనపు పన్ను పడింది కొద్దిమంది మీదే. మిగిలినవాళ్ళ దగ్గర లంచం ఖరీదు పెరిగింది. అయినా ప్రోత్సాహకం ఇవ్వాలనే నేనంటాను, దానితో పాటు కొలతలు బయట పెట్టాలి. ప్రతి వీధి మొదట్లో ఏ ఇంటి విస్తీర్ణం ఎంత, పన్ను ఎంత అని బోర్డు రాయించాలి. పక్కింటివాడి కంటే నిఖార్సయిన ఆడిటరు ఎవరూ ఉండరు.

ఈ మాట మా కమిషనరు గారికి చెబితే ఆయన సరేనని ఒక వార్డుకు జాబితా తయారుచేయించారు. ఆ వార్డులో ముగ్గురు కౌన్సిలర్ల ఇళ్ళున్నాయి. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా, బోర్డులు రాసే పెయింటరు దొరకలేదనే చెప్పారు.