కుండీలో నాటు కొత్తిమీరా, హైబ్రిడ్ కొత్తిమీరా?

మేడ మీద కుండీల్లో కొత్తిమీర వేయాలనుకుంటున్నారు, నాటుదా హైబ్రిడ్‌దా అని అడిగారు. నాటుదే. మాది కర్నూలు, రెండూ వేసి, రెండూ తిని చెప్తున్నా.

మా పెద్దమ్మ వాళ్లది కోయిలకుంట్ల వైపు, 2022 నుంచి అది నంద్యాల జిల్లాలోకి పోయింది. నల్లరేగడి చేలు. అక్టోబరు, నవంబరులో విత్తితే నీళ్లు కట్టే పని లేకుండా నేలలో ఉన్న పదునుకే ధనియాలు పండుతాయి. ఆమె పంపిన ధనియాలు ఒక టబ్బులో, షాపులో కొన్న హైబ్రిడ్ ప్యాకెట్ ఇంకో టబ్బులో ఒకే రోజు వేశాను. మట్టి, ఎరువు అన్నీ ఒకటే. హైబ్రిడ్ ఏపుగా, వెడల్పాటి ఆకుతో, లావు కాడతో వచ్చింది, మేడ మీదికి వచ్చిన వాళ్లంతా దాన్నే మెచ్చుకున్నారు. నాటుది పొట్టిగా, కాడ మొదట్లో కాస్త ఎర్రగా ఉండింది. కోతకొచ్చాక అమ్మ రెండిటినీ వేరువేరుగా పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరి, ఏది ఏదో చెప్పకుండా సంగటితో నాయనకు పెట్టింది. మొదటి పచ్చడి మాట్లాడకుండా తిన్నాడు. రెండోది నోట్లో పెట్టుకుని "దీంట్లో కొత్తిమీర వేసినావా లేదా?" అని అడిగినాడు. ఆ రెండోదే హైబ్రిడ్!

హైబ్రిడ్ అని అమ్మేవి చాలావరకు పూత ఆలస్యంగా వచ్చేలా, ఆకు ఎక్కువ దిగేలా ఎంచిన రకాలు. మార్కెట్‌కు తోలే రైతుకు కట్ట బరువుండాలి, తొందరగా వాడిపోకూడదు, ఆయనకు అదే సరైనది. ఇంట్లో నాలుగు రెబ్బలు తుంచుకునే మనకు బరువుతో ఏం పని? వాసన కావాలి. అసలు నాకు కోపం ఎక్కడొస్తుందంటే, ఈ ప్యాకెట్ల మీద రకం పేరు సరిగా ఉండదు, సూపర్ అనో హైబ్రిడ్ అనో రాసి వదిలేస్తారు. గుంటూరు దగ్గర లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి సాధన, స్వాతి, సింధు అని మంచి రకాలు వచ్చాయి, గింజ కోసం తీసినవి, మా ఊరి విత్తనాల షాపులో అడిగితే ఆ పేర్లు ఎప్పుడూ విననట్టు చూశారు. కిరాణా కొట్టు ధనియాలు ఇంకో తలనొప్పి, పాత సరుకైతే సగం కూడా మొలవవు. అందుకే తెలిసిన రైతు దగ్గర కొత్త పంట గుప్పెడు అడిగి తెచ్చుకోండి.

ఎండాకాలం మాత్రం నాటుది నిలవదు. మార్చి వస్తే ఆకు పీచులా సన్నబడి పూతకొచ్చేస్తుంది. హైబ్రిడ్ ఇంకొన్నాళ్లు ఆగుతుంది, నిజమే, కానీ ఎండ 40 డిగ్రీలు దాటాక మేడ మీద అదీ నిలవదు, ఆ నెలల్లో కొనుక్కోవడమే నయం. పూతకొచ్చిన నాటుదాన్ని పీకకండి, గింజ కట్టనిచ్చి ఎండబెట్టి వచ్చే చలికాలానికి దాచుకోండి.

విత్తే ముందు ధనియాన్ని చపాతీ కర్రతో మెల్లగా నలిపితే రెండు బద్దలవుతుంది, రాత్రంతా నానబెట్టి వేయండి. మొలకకు పది రోజులు పైనే పట్టొచ్చు, టెన్షన్ పడి మళ్లీ తవ్వకండి. తల్లివేరు మొక్క కాబట్టి నారు పీకి నాటడం కూడా వద్దు. ప్యాకెట్‌లో రంగు పూసిన గింజలు మిగిలితే వంటింట్లోకి రానివ్వకండి, అది విత్తనశుద్ధి మందు, అంటే తెగుళ్లు రాకుండా గింజకు పట్టించే రసాయనం.