పాఠకుల ప్రశ్నలు, జవాబులు: మళ్లీ వేడి చేసిన అన్నం

ప్రశ్న: రాత్రి వండిన అన్నం మిగిలితే మూతపెట్టి వంటింటి గట్టు మీదే ఉంచాను. ఉదయం పోపు వేసి, పొగలు వచ్చేదాకా వేయించి పిల్లలకు పెట్టాను. వాసన గానీ రుచి గానీ ఏమీ మారలేదు. అయినా రెండు గంటలు తిరగకముందే ఇద్దరికీ వాంతులయ్యాయి, సాయంత్రానికి తేరుకున్నారు. అంత వేడికి కూడా సూక్ష్మజీవులు చావవా?
ఒక గృహిణి, తణుకు

జవాబు: చస్తాయి. మూకుడులోని వేడికి ఎదుగుతున్న బ్యాక్టీరియా కణాలు నశించే ఉంటాయి. అయితే వాంతులు తెప్పించినది బతికి ఉన్న బ్యాక్టీరియా కాకుండా, అవి రాత్రంతా అన్నంలో తయారుచేసి వదిలిన విషం అయ్యే అవకాశం ఎక్కువ. ప్రయోగశాలలో పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేము; మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ కూడా ఇదే విధంగా వాంతులు కలిగిస్తుంది. కానీ బయట ఉంచిన అన్నం, తిన్న కొద్దిసేపటికే వాంతులు, ఒక రోజులోపే తగ్గిపోవడం అనే మూడు వివరాలనూ కలిపి చూస్తే మొదట అనుమానించవలసినది బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియాను.

ఇది మట్టిలో నివసించే జీవి. పొలం నుంచి ధాన్యంతో, ధాన్యం నుంచి బియ్యంతో వంటింటికి వస్తుంది. వచ్చేది మామూలు కణంగా కాదు, సిద్ధబీజంగా. ఆహారం, తేమ కరువైనప్పుడు ఈ బ్యాక్టీరియా తన డీఎన్ఏను లోపల భద్రపరచి, చుట్టూ గట్టి పొరలు కట్టుకుంటుంది. లోపలి నీటిని చాలావరకు బయటికి పంపి, ఆ స్థానంలో కాల్షియంతో కూడిన డైపికోలినిక్ ఆమ్లాన్ని నింపుకుంటుంది. డీఎన్ఏను అంటిపెట్టుకుని ఉండే చిన్న ప్రొటీన్లు దానికి మరింత రక్షణ ఇస్తాయి. నీరు తక్కువగా ఉన్నందువల్ల లోపలి ప్రొటీన్లు వేడికి త్వరగా చెడిపోవు. అందుకే అన్నం ఉడికే కొద్ది నిమిషాల్లో సిద్ధబీజాలన్నీ నశిస్తాయని నమ్మకూడదు. పైగా ఆ వేడి వాటిని నిద్ర లేపుతుంది, పోటీకి వచ్చే ఇతర సూక్ష్మజీవులను చంపి వాటికి దారి సుగమం చేస్తుంది.

ఈ మొండితనం ఎంతటిదో 19వ శతాబ్దంలోనే శాస్త్రజ్ఞులు గమనించారు. 1876లో ఫెర్డినాండ్ కోన్ దీని బంధువైన బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలను వర్ణించారు. మరుసటి ఏడాది జాన్ టిండాల్ ఎండుగడ్డి కషాయాన్ని ఒక్కసారి మరిగిస్తే చాలదని, మరిగించి, కొంత వ్యవధి ఇచ్చి, మళ్లీ మరిగించాలని చూపారు. ఆ వ్యవధిలో సిద్ధబీజాలు మొలకెత్తి మామూలు కణాలవుతాయి కాబట్టి తరువాతి వేడికి అవి దొరికిపోతాయి. పద్ధతి చక్కనిదే గాని, మిగిలిన అన్నానికి మాత్రం పనికిరాదు. ఎందుకంటే మొలకెత్తిన కణాలు చచ్చేలోపే విషాన్ని విడుదల చేసి ఉండవచ్చు.

అన్నం గోరువెచ్చగా ఉన్న గంటలు వాటికి అనువైన కాలం. అరగంటకొకసారి రెట్టింపు అవుతాయని అనుకున్నా, పది గంటల్లో ఒక్క కణం నుంచి 10 లక్షలకు పైగా కణాలు పుడతాయి. సంఖ్య బాగా పెరిగాక కొన్ని రకాలు సెరియులైడ్ అనే విషాన్ని తయారుచేస్తాయి. సాధారణంగా ప్రొటీన్ విషాలు చాలావరకు వేడికి, తెల్లసొన ఉడికి గట్టిపడినట్లే, తమ ఆకృతిని కోల్పోయి పనికిరాకుండా పోతాయి. సెరియులైడ్ మాత్రం 12 భాగాలతో అల్లుకున్న చిన్న వలయం; వేడికి విడిపోయే మడతలేవీ అందులో లేవు. 121 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటన్నర ఉంచినా దాని శక్తి తగ్గదు. కడుపులోని ఆమ్లం గానీ జీర్ణరసాలు గానీ దాన్ని ఏమీ చేయలేవు. రంగు, వాసన, రుచి మారనవసరం లేదు కాబట్టి మీ జాగ్రత్త లోపించిందని బాధపడకండి. వాసన చూసి దీన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

శరీరంలో ఇది రెండు పనులు చేస్తుంది. జీర్ణాశయం నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపించి వాంతులు తెప్పిస్తుంది. మరోవైపు పొటాషియం అయాన్లను కణ త్వచాల (కణాల పలుచని పొరల) గుండా మోసుకుపోతుంది. కణంలో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియా తమ లోపలి త్వచానికి ఇరువైపులా నిలుపుకునే విద్యుత్ భేదంతోనే ఏటీపీ అనే శక్తినిచ్చే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ భేదం చెదిరితే కణానికి శక్తి అందదు. ఎక్కువ మోతాదులో కాలేయం దెబ్బతినేది అందుకే. స్విట్జర్లాండులో ఇలా చెడిపోయిన స్పగెట్టీని మళ్లీ వేడి చేసి తిన్న 17 ఏళ్ల అబ్బాయి కాలేయం విఫలమై మరణించిన సంగతి 1997లో వైద్య పత్రికలో ప్రచురితమైంది. ఇటువంటివి చాలా అరుదు. అయినా వాంతులు తగ్గాక కూడా బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు పచ్చబడినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 1970ల మొదట్లో బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవారికి వరుసగా వాంతులయ్యాయి. ఫ్రిజ్‌లో పెడితే అన్నం ముద్దకడుతుందని, ఉడికించిన అన్నాన్ని అక్కడ రాత్రంతా బయటే ఉంచేవారు.

కాబట్టి మిగిలిన అన్నాన్ని రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నె నిండుగా ఉన్న అన్నం నడుమ గంటల తరబడి వేడి నిలుస్తుంది, అందువల్ల వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచి చల్లార్చి మూతపెట్టాలి. ఫ్రిజ్ 5 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. వేడిగానే వడ్డించాలంటే 60 డిగ్రీలకు పైన ఉంచాలి; పెళ్లి భోజనాల్లో గుండిగల కొద్దీ అన్నం ముందే వార్చి ఉంచేవారు ఈ మాటను తప్పక గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: ఇటువంటి వాంతులకు యాంటీబయాటిక్ బిళ్ల వేసుకోవచ్చా?
ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా కణం మీద. ఆహారంలో అప్పటికే తయారైన విషాన్ని అది తొలగించలేదు. కోల్పోయిన నీటిని, లవణాలను ఓఆర్ఎస్‌తో కొద్దికొద్దిగా భర్తీ చేయడమే ముఖ్యం. జ్వరం, మలంలో రక్తం ఉంటే అది వేరే సూక్ష్మజీవి పని కావచ్చు, వైద్యుడు చూసి నిర్ణయించాలి.

ప్రశ్న: మరి తాతల కాలం నుంచి తింటున్న చద్దన్నం సంగతేమిటి?
ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: గిన్నెలో ఊరకే వదిలేసిన అన్నం, నీళ్లు పోసి మజ్జిగ చుక్క వేసి పులియబెట్టిన అన్నం ఒకటి కావు. రెండో దానిలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా మొదటి నుంచే పెరిగి పులుపు పుట్టిస్తుంది, ఆ పులుపులో బాసిల్లస్ సెరియస్ ఎదుగుదల మందగిస్తుంది. అయితే పులుపు ఎక్కడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి రాత్రే, అన్నం వేడి తగ్గిన వెంటనే శుభ్రమైన పాత్రలో తోడు వేయాలి. రాత్రంతా బయట ఉన్న పొడి అన్నంలో పొద్దున్నే పెరుగు కలుపుకుంటే ఆ రక్షణ లభించదు. అప్పటికే విషం తయారై ఉంటే పెరుగులోని పులుపు దాన్ని విరిచివేయలేదు.