నెట్‌కి అవతలివైపు కూడా చూడు

చిరంజీవి కన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

2025 ఫ్రెంచ్ ఓపెన్ పురుషుల ఫైనల్‌లో నీకిష్టమైన సినర్, అల్కరాజ్ చేతిలో ఓడిపోయాక నువ్వు వారం దాకా టెన్నిస్ పేరే ఎత్తలేదని మీ అమ్మ అప్పుడే చెప్పింది. ఇప్పటికీ సినర్ ఓడితే ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడవట. డెబ్బైల్లో బోర్గ్ ఆడే రోజుల నుంచి ఈ ఆట చూస్తున్నదాన్ని, నచ్చినవాడు ఓడితే ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసురా. నీ అభిమానాన్ని తప్పుపట్టను. కానీ ఆ ఫైనల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా సినర్ ఏం పోగొట్టుకున్నాడో చెప్తావు తప్ప అల్కరాజ్ ఏం చేశాడో ఇంతవరకూ నీ నోట వినలేదు. సగం మ్యాచే చూస్తున్నావనిపించి రాస్తున్నాను.

ఆ నాలుగో సెట్ మళ్ళీ పెట్టుకుని చూడు. సినర్ 5-3తో ముందున్నాడు. సర్వీస్ అల్కరాజ్‌ది, స్కోరు 0-40, అంటే సినర్‌కి వరసగా మూడు అవకాశాలు. ఒక్క పాయింట్ వస్తే కప్పు సినర్‌దే. ఈసారి సర్వీస్ చేస్తున్నవాడి వైపు నుంచి చూడు. ఈ మ్యాచ్‌లో మొదటి రెండు సెట్లూ అల్కరాజ్ ఓడిపోయాడు, అప్పటిదాకా అలా ఓడిన మ్యాచ్ ఒక్కటీ గెలవలేదు. అలాంటివాడు ఆ మూడు పాయింట్లూ కాపాడుకుని, మ్యాచ్ ముగించడానికి సర్వీస్‌కి వచ్చిన సినర్‌ని బ్రేక్ చేసి (అంటే అతని సర్వీస్ గేమ్ గెలిచి), టైబ్రేక్‌లో (6-6 అయ్యాక సెట్ తేల్చే గేమ్‌లో) సెట్ లాక్కున్నాడు. సినర్ భయపడి ఓడాడని నువ్వు అంటావు. అదే మ్యాచ్ అయిదో సెట్‌లో అల్కరాజ్ 5-4 దగ్గర గెలుపు కోసం సర్వీస్ చేస్తుంటే బ్రేక్ చేసి నిలబడింది ఎవరు? సినరే కదా! చివరికి పది పాయింట్ల టైబ్రేక్ 10-2తో పోయింది. 5 గంటల 29 నిమిషాలు ఆడారు. ఆ టోర్నమెంట్‌లో అంతసేపు సాగిన ఫైనల్ అంతకుముందు లేదు. ఇద్దరూ అంత గొప్పగా ఆడినప్పుడు ఒకరినే చూస్తే మనకే నష్టం.

ఇక ఎలా చూడాలో చెప్తాను. మనందరి కళ్ళూ బంతి వెంటే తిరుగుతాయి. కొన్ని గేమ్‌ల పాటు కావాలని బంతిని వదిలేసి, సర్వీస్‌ని తిప్పికొట్టేవాడి కాళ్ళు చూడు. ఎక్కడ నిలబడ్డాడు? మెద్వెదెవ్ అనే ఆటగాడు బేస్‌లైన్‌కి (కోర్టు వెనక గీతకి) చాలా వెనక్కి వెళ్ళి నిలబడతాడు. దానివల్ల వేగమైన సర్వీస్‌ని తిప్పికొట్టడానికి టైమ్ దొరుకుతుంది. కానీ ముందంతా ఖాళీ. సర్వ్ అండ్ వాలీ చేసేవాడికీ (సర్వీస్ చేసి వెంటనే నెట్ దగ్గరికి దూసుకొచ్చేవాడికీ), డ్రాప్ షాట్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే షాట్) బాగా వేసేవాడికీ ఆ ఖాళీయే కావాలి. అల్కరాజ్ డ్రాప్ షాట్ నీకు అదృష్టంలా కనిపిస్తుంది. దానికి ముందు రెండు షాట్లు చూడు. బలమైన ఫోర్‌హ్యాండ్‌తో, అంటే రాకెట్ పట్టిన చేతి వైపు దెబ్బతో, అవతలివాణ్ణి వెనక్కి నెట్టి, మళ్ళీ అదే ఫోర్‌హ్యాండ్‌కి చెయ్యి ఎత్తినట్టే ఎత్తి, చివరి క్షణంలో బంతిని మెల్లగా వదులుతాడు. సినర్ దగ్గరైతే బ్యాక్‌హ్యాండ్, అంటే రెండో వైపు దెబ్బ చూడాలి. ఆ వైపు ఎంత గట్టిగా కొట్టినా అంతే గట్టిగా తిరిగి వస్తుంది కాబట్టి, ప్రత్యర్థులు కొట్టాల్సిన దానికన్నా గీతకి దగ్గరగా కొట్టబోయి తప్పులు చేస్తారు. స్కోరు బోర్డులో అది ప్రత్యర్థి తప్పుగా పడుతుంది. నిజానికి అందులో సినర్ వాటా ఉంది. టీవీ కెమెరా పై నుంచి చూపిస్తుంది కాబట్టి బంతి ఎంత ఎత్తున లేస్తుందో, ఎంత తిరుగుతుందో తెలీదు. కింది నుంచి తీసిన రీప్లే వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టు.

స్కోరు చదవడం కూడా నేర్చుకోవాలి. ఫెదరర్ ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు. పాయింట్లలో గెలిచింది 54 శాతమే. అంత గొప్పవాడు కూడా వంద పాయింట్లాడితే నలభై ఆరు ఓడిపోయాడు. కాబట్టి నీ ఆటగాడు ఒక డబుల్ ఫాల్ట్ చేయగానే (రెండు సర్వీస్‌లూ తప్పి పాయింట్ పోగొట్టుకోగానే) తల పట్టుకోకు. 0-30, 30-30, బ్రేక్ పాయింట్ల దగ్గర ఏం చేస్తున్నాడో చూడు. 2019 వింబుల్డన్ ఫైనల్‌లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. ఫెదరర్ అయిదో సెట్‌లో 8-7, 40-15తో సొంత సర్వీస్ మీద రెండు చాంపియన్‌షిప్ పాయింట్ల దాకా వచ్చాడు. అయినా కప్పు జొకోవిచ్ తీసుకెళ్ళాడు. ఆ మ్యాచ్‌లో మూడు టైబ్రేక్‌లు జరిగితే మూడూ అతనివే. ఆ రోజు నేను ఫెదరర్ వైపే ఉన్నాను. ఆ మూడు టైబ్రేక్‌లలో జొకోవిచ్ ఎంత నిబ్బరంగా ఆడాడో తర్వాత నిదానంగా చూసి తెలుసుకున్నాను, అతని మీద గౌరవం అక్కడే పుట్టింది.

ఒక్క ఓటమికే ‘ఇతని పని అయిపోయింది’ అనే మాట నీ నోట రానీయకు. ఆ ఫ్రెంచ్ ఫైనల్ జరిగిన అయిదు వారాలకే వింబుల్డన్ ఫైనల్‌లో అదే అల్కరాజ్‌ని సినర్ 4-6, 6-4, 6-4, 6-4తో ఓడించాడు. కోర్టు మారితే ఆటే మారుతుంది మరి. ఫ్రెంచ్ ఓపెన్ ఆడే క్లే (మట్టి కోర్టు) మీద బంతి వేగం తగ్గి ఎత్తుకి లేస్తుంది, పాయింట్‌ని ఓపిగ్గా కట్టుకోవాలి. వింబుల్డన్ ఆడే గ్రాస్ (పచ్చిక) మీద కిందికి జారిపోతుంది. నాదల్ ఫ్రెంచ్ ఓపెన్‌లో 112 మ్యాచ్‌లు గెలిచి నాలుగే ఓడాడు, 14 టైటిళ్ళు. వింబుల్డన్‌లో అతనికి వచ్చినవి రెండే. ఎవరు పోటీలో ఉన్నారని లెక్కవేసేటప్పుడు ర్యాంకు కన్నా ముందు కోర్టు చూడు.

ర్యాంకు లెక్క సులువే. ఏడాది పాటు సంపాదించిన పాయింట్లు నిలుస్తాయి, ఏడాది తిరగ్గానే పోతాయి. గ్రాండ్ స్లామ్ (ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ అనే నాలుగు పెద్ద టోర్నమెంట్లలో ఒకటి) గెలిస్తే 2000. మరుసటి ఏడాది అదే స్లామ్‌లో పురుషుల క్వార్టర్ ఫైనల్‌లో ఓడితే 400 వస్తాయి, అంటే 1600 తగ్గుతాయి. వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచి కూడా ర్యాంకు పడిపోవడం అందుకే.

నువ్వు తప్పించుకుని తిరిగే విషయం ఒకటుంది, అది కూడా చెప్పాలి. 2024లో సినర్ డోప్ పరీక్షల్లో క్లోస్టెబాల్ అనే నిషేధిత పదార్థం ఆనవాళ్ళు దొరికాయి. స్వతంత్ర ట్రిబ్యునల్ అతని తప్పు లేదంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ అప్పీలుకి వెళ్ళింది. చివరికి రాజీ కుదిరి 2025లో మూడు నెలలు ఆటకి దూరంగా ఉన్నాడు. ఎవరైనా దీని గురించి అడిగితే కోపం తెచ్చుకోకు. తీర్పులో ఏముందో చదివి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. రేపు నీకు నచ్చని ఆటగాడికి ఇలాంటిదే జరిగితే అప్పుడూ తీర్పు చదివాకే మాట్లాడు. మహిళల్లో ష్వాంటెక్‌కి కూడా 2024లో డోపింగ్ విషయంలోనే నెల రోజుల నిషేధం పడింది. అప్పుడు నువ్వు ఎంత తొందరగా నోరు జారావో నాకు గుర్తుంది.

అందరిలోకీ గొప్పవాడు ఎవరన్న తగువులో గంటలు పోగొట్టుకోవద్దు. జొకోవిచ్ 24, నాదల్ 22, ఫెదరర్ 20 అని స్లామ్‌లు లెక్కపెట్టి తేల్చేస్తారు. బోర్గ్ ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడిందే ఒక్కసారి. ఆ రోజుల్లో పెద్ద ఆటగాళ్ళు చాలామంది అంత దూరం వెళ్ళేవారు కాదు. రాడ్ లేవర్ 1962లో నాలుగు స్లామ్‌లూ గెలిచి ప్రొఫెషనల్‌గా (డబ్బు కోసం ఆడేవాడిగా) మారాడు, అప్పట్లో స్లామ్‌లు అమెచ్యూర్లకే కాబట్టి 1968 దాకా అతన్ని వాటిలో ఆడనివ్వలేదు. తిరిగి వచ్చి 1969లో మళ్ళీ నాలుగూ గెలిచాడు. ఆ మధ్యలో పోయిన ఏళ్ళకి ఏ అంకె వేస్తావు?

మహిళల మ్యాచ్‌లు చూడనని అన్నావట. చాలా పోగొట్టుకుంటున్నావు నాన్నా. సబలెంకా సర్వీస్‌లో ఉన్న దెబ్బ, గాఫ్ పరుగు, క్లే మీద ష్వాంటెక్ ఫోర్‌హ్యాండ్ చూడకుండా టెన్నిస్ చూశానని ఎలా అంటావు? సర్వీస్ బ్రేక్‌లు ఎక్కువ జరుగుతాయి కాబట్టి రిటర్న్ ఆట నేర్చుకోవడానికి అవే మంచివి. స్లామ్ మొదటి వారం కూడా వదలకు. 128 మందిలో 16 మంది క్వాలిఫయింగ్ (ముందు జరిగే అర్హత పోటీలు) గెలిచి వచ్చినవాళ్ళు. 2021 యూఎస్ ఓపెన్‌లో ఎమ్మా రాడుకాను అలాగే వచ్చి, క్వాలిఫయింగ్‌తో కలిపి పది మ్యాచ్‌లు ఒక్క సెట్ కూడా ఓడకుండా ఆడి కప్పు గెలిచింది. సెమీఫైనల్స్ నుంచి టీవీ పెట్టినవాళ్ళకి ఆ అమ్మాయి ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాలేదు.

మ్యాచ్ మీద పందెం మాత్రం కాయకు, ఎంత చిన్న మొత్తమైనా సరే. ఆటగాళ్ళకి ఫోన్లో బూతులు పంపేవాళ్ళలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. అల్కరాజ్ మీద నువ్వు పెట్టిన ఆ పాత పోస్టు ఇంకా ఉంటే ఇవాళే తీసెయ్. అతను చదవకపోవచ్చు, నువ్వు రాశావు కదా.

వచ్చే స్లామ్‌కి డ్రా (ఎవరు ఎవరితో ఆడతారన్న జాబితా) రాగానే క్వార్టర్ ఫైనల్స్‌కి ఏ ఎనిమిది మంది వస్తారో, ఎందుకని అనుకుంటున్నావో రాసి పంపు. పురుషులవీ, మహిళలవీ రెండూ. నావి కూడా రాసి పెడతాను. సినర్ పేరు నేనూ రాస్తానులే, కానీ కారణం మాత్రం నువ్వే చెప్పాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ